కనబడని పాస్‌వర్డుకు కనబడే రుజువు

కాకినాడలో వాన కురుస్తోందో లేదో తెలుసుకోవాలంటే కిటికీ తీస్తే చాలు. ఎంత కురిసిందో తెలుసుకోవాలంటే మాత్రం ఒక ఆఫీసు కావాలి. ఆ ఆఫీసు పేరు వర్షమాన నమోదు సంస్థ. మండలాల్లో పెట్టిన వాన గేజీల అంకెలు రోజూ పొద్దున్న పది గంటలకు అక్కడికి చేరతాయి. వాటంతటవి చేరవు. సత్యవేణి రాసిన స్క్రిప్టు వాటిని లాక్కొస్తుంది. స్క్రిప్టంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కంప్యూటర్‌లో ఒక నల్ల తెర తెరుచుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడితే అంకెలన్నీ బారులు తీరి వచ్చి కూర్చుంటాయి.

సత్యవేణి అక్కడ ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఆమె కాంట్రాక్టు ఏటా మార్చి ముప్పై ఒకటిన ముగిసి ఏప్రిల్ రెండున మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో ఆ ఒక్కరోజు తెగ్గొట్టకపోతే నిరంతర సేవ కింద లెక్కకొచ్చి, పర్మనెంటు చెయ్యమని అడుగుతారని ఎప్పుడో ఎవరో మహానుభావుడు కనిపెట్టిన కిటుకు అది. అయితే ఏప్రిల్ ఒకటిన వాన ఆగదు కదా. అందుకని ఆ రోజు ఆమె సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి, లోపలికొచ్చి, స్క్రిప్టు నడిపి వెళ్ళిపోతుంది. ఏడాది పొడుగునా ఆమె చేత తన కంప్యూటరు బాగుచేయించుకునే సూపరింటెండెంటు లోవరాజు, ఆ రోజు మాత్రం కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎవరు కావాలమ్మా?" అంటాడు.

ఆయన తప్పేం లేదు, అది రూలు. అయినా ఆ పూట సత్యవేణికి అన్నం సయించదు. పర్మనెంటు ఆర్డరు ఒక్కటి చేతికొస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని ఆమె ఎనిమిదేళ్ళుగా అనుకుంటోంది. ఈసారి ఆ ఫైలు నానా సెక్షన్లూ తిరిగి డైరెక్టర్ వేదాద్రి గారి బల్ల మీదికి చేరింది. మిగిలింది ఒక్క సంతకం.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి భద్రతా తనిఖీ అధికారి దిగాడు.

ఆయన వచ్చి డేటా ఎంట్రీ చేసే నూకరత్నం వెనకాల నించున్నాడు. నూకరత్నం కూడా కాంట్రాక్టు మనిషే. వెనకాల పెద్దాయన నించున్నా పని ఆగదు కదా. ఎప్పటిలాగే పాస్‌వర్డ్ కొట్టింది. పూతరేకులు నలభై అయిదు అని కొట్టింది. తెర మీద కూడా పూతరేకులు నలభై అయిదు అనే పడింది.

"హరి హరీ! కనబడిపోతోంది!" అన్నాడు తనిఖీ అధికారి, గుండె పట్టుకుని.

వారంలో నివేదిక వచ్చింది. "సదరు కార్యాలయమునందు 'పూతరేకులు నలభై అయిదు' అను అత్యంత గోప్యమైన పాస్‌వర్డు అన్యుల కంటబడు విధముగా నమోదు చేయబడుచున్నది. ఇది మిక్కిలి శోచనీయము. పాస్‌వర్డు కనబడకుండ తగు చర్య గైకొని, కనబడుట లేదనుటకు కనబడు రుజువులతో, మార్చి ఇరువది అయిదులోగా సమర్పించవలెను." దాని ప్రతులు సమాచార నిమిత్తం పధ్నాలుగు కార్యాలయాలకు వెళ్ళాయి. పదిహేనోది పత్రికా ప్రకటన విభాగానికి వెళ్ళింది.

వేదాద్రి గారు సత్యవేణిని గదిలోకి పిలిచారు. ఆయనకు మాటల్లో కూడా ఫైలు భాషే వస్తుంది.

"చూడమ్మా, ఈ విషయము నందు సంస్థ ప్రతిష్ఠ ఇమిడి ఉన్నది. ఈ గండం గట్టెక్కించు. తనిఖీ దాటిన మరుక్షణం నీ ఫైలు మీద సంతకం. దాటకపోతే..." ఆయన ఫైలును బల్ల ఆ చివరికి, కాస్త అంచు దాకా, జరిపారు.

సత్యవేణి ప్రాణమంతా ఆ అంచు మీదే ఉంది. "అరగంట పనండి," అంది.

అది నిజంగా అరగంట పనే. ఆ ఆఫీసులో కంప్యూటర్లు మూడు జాతులవి. సెక్షన్లలో విండోస్, అంకెలు దాచే పెద్ద మెషీన్లో లినక్స్, డైరెక్టర్ గారి గదిలో హోదా కోసం తెప్పించిన మ్యాక్. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ, కొట్టింది చూపించకు అని ముందొక ముక్క, పాస్‌వర్డ్ అయ్యాక ఇక చూపించు అని వెనకొక ముక్క రాస్తే సరిపోయింది. తెర మీద ఏమీ పడదు. విండోస్‌లో పాత పద్ధతిలో అడిగితే దాచదు. అందులోనే ఉన్న కొత్త పద్ధతిలో అడిగించాలి. అప్పుడది అక్షరానికొక నక్షత్రం గుర్తు చూపిస్తుంది. పదకొండింటి టీ వచ్చేసరికి సత్యవేణి మూడూ పూర్తి చేసి, పాస్‌వర్డ్ కూడా మార్చేసి, లోవరాజును పిలిచి లినక్స్ మెషీన్లో కొట్టి చూపించింది.

"కానీయమ్మా, చూపించు," అన్నాడు లోవరాజు.

"చూపించానండి."

"ఏదీ?"

"కనబడట్లేదు కదండీ. అదే పనండి."

లోవరాజు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "కనబడని పనికి నేను నోటు ఫైలెలా పెట్టనమ్మా? రుజువు కావాలన్నారు కదా."

"ఫొటో తీసి పెడదామండి."

"ఖాళీ తెర ఫొటోయా? కంప్యూటర్ ఆపేసి మా మనవరాలు కూడా తీస్తుంది. నువ్వు అసలేమీ కొట్టకుండానే దాచేశానంటే? ఏం దాచావో తెలిస్తేనే కదమ్మా దాచావని తెలిసేది." ముప్పయ్యేళ్ళ సర్వీసు ఆయన గొంతులో పలికింది. సాయంత్రానికి ఆయన ఒక పట్టిక తయారుచేశాడు. మొదటి గడిలో కంప్యూటర్ పేరు. రెండో గడిలో దాచబడిన పాస్‌వర్డు. మూడో గడిలో, అది ఎవరికీ కనబడలేదని ధ్రువీకరిస్తూ అధికారి సంతకం.

"రెండో గడి నింపితే ఇంక దాచినట్టెలా అవుద్దండీ?" అంది సత్యవేణి.

"తెర మీద రాయలేదుగా. కాగితం మీద రాశాం. సర్క్యులర్లో కాగితం ఊసే లేదు."

ఆ ఆఫీసులో ఏ పట్టిక తయారైనా పారదర్శకత కోసం నోటీసు బోర్డు మీద అంటించడం ఆనవాయితీ. దీన్నీ అంటించారు. సత్యవేణి పాస్‌వర్డ్ మార్చింది. మార్చిందని తెలిసి లోవరాజు పట్టికను సవరించాడు. ఆమె మళ్ళీ మార్చింది. ఆయన మళ్ళీ సవరించాడు. ఇలా నాలుగు రోజులు నడిచాక, తనకూ ఓపిక ఉందని ఆయన నిరూపించుకోవడంతో సత్యవేణి ఊరుకుంది.

ఇంతలో నూకరత్నం అమాయకంగా ఒక మాట అంది. "మా సెక్షన్లో నక్షత్రాలు వస్తున్నాయండి, లినక్స్‌లో ఏం రావట్లేదండి. పాడైపోయిందేమోనండి?"

ఆ మాట డైరెక్టర్ దాకా వెళ్ళింది. ఆయన వెంటనే ఏకరూపతా సమావేశం పెట్టారు.

"ఒకే సంస్థ నందు ఒక యంత్రము నక్షత్రములు చూపుటయు, మరొక యంత్రము శూన్యము చూపుటయు ఎట్లు సంభవించినది?" అని అడిగారు.

"ఏ సిస్టమ్ అలవాటు దానిదండి. రెండూ భద్రమేనండి," అంది సత్యవేణి.

"అలవాట్లు ఉద్యోగులకు ఉండవచ్చు. యంత్రములకు ఉండరాదు."

అన్నిచోట్లా నక్షత్రాలే పెడదామన్నారు కొందరు. నక్షత్రాలు లెక్కపెడితే పాస్‌వర్డ్ ఎంత పొడుగో తెలిసిపోతుందన్నాడు లోవరాజు. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో గోప్యమైన దేన్నైనా లెక్కపెట్టడం నిషేధిస్తూ తీర్మానమైంది. అయితే అన్నిచోట్లా శూన్యమే పెడదామన్నారు. అలాగైతే ఉద్యోగి కొట్టింది ఒప్పో తప్పో చూసేదెవరని ఇంకో ప్రశ్న వచ్చింది. గంటన్నర చర్చ తర్వాత వేదాద్రి గారే దారి చూపించారు.

"నిబంధన యందు 'కనబడరాదు' అని కలదు. 'వినబడరాదు' అని లేదు. కావున పాస్‌వర్డు నమోదు చేయు ఉద్యోగి ప్రతి అక్షరమును బిగ్గరగా పలుకవలెను. పర్యవేక్షక అధికారి దానిని బిగ్గరగా ధ్రువీకరించవలెను."

సత్యవేణి నోరు తెరిచింది. బల్ల అంచున ఉన్న ఫైలు గుర్తొచ్చి మూసేసింది.

మర్నాటి నుంచి పొద్దున్న పది గంటలయ్యేసరికి ఆఫీసులోంచి నూకరత్నం గొంతు ఖంగున మోగేది. ఆమె ఒక్కో అక్షరం అరవడం, లోవరాజు "ధ్రువీకరించడమైనది" అని అరవడం. ఎదురుగా స్కూల్లో పిల్లలు కూడా వెనకాలే వల్లించేవారు. గేటు దగ్గర టీ అమ్మే సత్తిబాబు ఒకరోజు కిటికీలోంచి తల పెట్టి, "నూకరత్నం గారూ, మూడోది పెద్దక్షరం అండి. నిన్న మార్చారు కదండీ," అని దిద్దాడు. లోవరాజు దాన్ని కూడా ధ్రువీకరించాడు.

పాస్‌వర్డ్ ఇప్పుడు ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క వేదాద్రి గారికే. పది గంటలకు ఆయన ఏ రోజూ ఆఫీసుకు వచ్చి ఉండరు.

ఆ లోటు తీర్చుకుందామని ఒక మధ్యాహ్నం ఆయన పాస్‌వర్డ్ చీటీ మీద రాయించుకుని, తన మ్యాక్‌లో తనే స్క్రిప్టు నడపబోయారు. సగం కొట్టాక ఫోను మోగింది. పైఅధికారి. కంగారులో స్క్రిప్టును మధ్యలో తుంచేసి ఫోనెత్తారు. చూపించకు అన్న ముక్క అమల్లోకి వచ్చేసింది, ఇక చూపించు అన్న ముక్క దాకా స్క్రిప్టు వెళ్ళనేలేదు. దాంతో ఆ నల్ల తెర మొండికేసింది. ఫోను పెట్టేశాక ఆయన ఏం కొట్టినా ఒక్క అక్షరం కనబడలేదు. తన పేరు కొట్టి చూసుకున్నారు. పేరూ లేదు.

సత్యవేణి పరుగున వచ్చి చూసి నాలుక కరుచుకుంది. "తప్పు నాదేనండి. మధ్యలో ఆపేసినా మళ్ళీ మామూలుగా అయ్యేలా ఒక లైను రాయాలండి, మర్చిపోయానండి. ఇప్పుడొక్క ముక్క కొడితే సర్దుకుంటుందండి."

"చెయ్యి తియ్యి!" అన్నారు వేదాద్రి గారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "తప్పా? ఇది తప్పా? పాస్‌వర్డు ఒక్కటే దాచమని వాళ్ళడిగారు. మన సంస్థ సమస్తమూ దాచింది. ఈ ఘనత రాష్ట్రంలో ఎవరికీ లేదు. నువ్వు సామాన్యురాలివి కాదమ్మా!"

అది ఘనత కాదు, తప్పేనని మళ్ళీ చెప్పాలని సత్యవేణికి నాలుక దాకా వచ్చింది. మార్చి పదకొండో తారీఖు అది. ఇంకా ఇరవై రోజులే ఉంది. ఆమె సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే "థాంక్సండి" అంది. అలా అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సంపూర్ణ గోప్యతా విధానం మర్నాడే అమల్లోకి వచ్చింది. పై ఆఫీసులకు వర్షపాతం అంకెల బదులు నక్షత్రాలు వెళ్ళసాగాయి. కలెక్టరాఫీసు నుంచి ఫోనొస్తే నూకరత్నమే ఎత్తింది.

"నిన్న పెద్దాపురంలో వాన ఎంతండీ?"

"పడిందండి."

"ఎంత పడిందండీ?"

"అది చెప్పకూడదండి. కాస్త ఎక్కువేనండి. నేను చెప్పానని చెప్పకండి."

గదుల ముందు పేర్ల పలకలకు సున్నం వేశారు. ఎవరి గది ఏదో తెలియక రెండు రోజులు అకౌంటెంటు స్టోరు రూములో కూర్చున్నాడు, అక్కడే చల్లగా ఉందని మూడో రోజూ అక్కడే ఉండిపోయాడు. కాగితాల సంగతికి ప్రత్యేకంగా ఉత్తర్వొచ్చింది. "ఆఫీసు ఉత్తర్వులయందు వ్యక్తుల నామధేయాది వివరములను తెల్లని కాగితముపై తెల్లని రంగు అక్షరములతో ముద్రించవలెను. అట్టి వివరములను వెలికితీయుట, అడుగుట, ఊహించుట శిక్షార్హము." నలుగురికి మెమోలొచ్చాయి. ఎవరికొచ్చాయో తెలియక ఆఫీసంతా సంజాయిషీ రాసిచ్చింది.

మార్చి ఇరవై అయిదున తనిఖీ అధికారి మళ్ళీ వచ్చాడు. మూడు జాతుల కంప్యూటర్లూ చూశాడు. తెరలు చూశాడు, ఫైళ్ళు చూశాడు, రిజిస్టర్లు చూశాడు.

"నాకేమీ కనబడలేదు," అన్నాడు చివరికి. "ఇరవై ఆరు జిల్లాలు... కాదు, ఎన్ని జిల్లాలో చెప్పరాదు. ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి కనబడుతూనే ఉండేది. మొదటిసారి తృప్తిగా ఉంది."

సంస్థకు ఉత్తమ శ్రేణి ఇచ్చాడు. ఏ శ్రేణో తెల్లని అక్షరాలతో రాసిచ్చాడు.

వేదాద్రి గారు మాట తప్పే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే సత్యవేణి చూస్తుండగా ఫైలును అంచు నుంచి దగ్గరికి లాక్కుని, కలం తీసి, నిండుగా సంతకం పెట్టారు. ఆర్డరు తయారై రావడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. సత్యవేణి ఆ ఆరు రోజులూ గాల్లో తేలింది. బట్టల షాపుకెళ్ళి రెండు చీరలు తీసుకుంది. అత్తగారికి ముందే చెప్పేసింది.

మార్చి ముప్పై ఒకటి. లోవరాజు రెండు చేతులతో కవరు అందించాడు. "కంగ్రాట్స్ అమ్మా. మిఠాయి పెట్టాలి మరి."

ఆమె విప్పింది. పైన సంస్థ ముద్ర. కింద డైరెక్టర్ గారి సంతకం, గుండ్రటి సీలు. మధ్యలో, "ఈ సంస్థయందు కాంట్రాక్టు ప్రాతిపదికన పనిచేయుచున్న" అని ఉంది. తర్వాత రెండంగుళాల తెల్ల కాగితం. ఆ తర్వాత, "అను ఉద్యోగిని తక్షణము శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది."

"నా పేరేదండీ?"

"ఉందమ్మా. నేనే స్వయంగా కొట్టాను. తెల్లగా."

"ఎవరైనా అడిగితే నాదని ఎలా చెప్పుకోనండీ?"

"ఎవరూ అడగరమ్మా, అడిగితే మెమో."

"పోనీ కంప్యూటర్లో రంగు మార్చి నల్లగా ఒక ప్రతి ఇవ్వండి. ఒక్కటి."

లోవరాజు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "రిటైర్మెంటుకి పదినెల్లుందమ్మా. వెలికితీయడం శిక్షార్హం. రేపు జాయినింగ్ రిపోర్టు పట్టుకురా, చేర్చేసుకుంటాను. అందులో కూడా పేరు తెల్లగానే సుమా."

సత్యవేణి వరండాలోకి వచ్చి నించుంది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన కాగితం ఎండలోకి ఎత్తి చూసింది. ఆ రెండంగుళాల్లో తను లేదు. ఏడుపొచ్చింది. ఎవరి మీద ఏడవాలో తెలియలేదు. స్క్రిప్టు తనదే, అరగంటలో అయిపోయిందని మురిసిపోయిందీ తనే. తన తప్పును ఘనతంటే థాంక్సని చెప్పిందీ తనే.

నూకరత్నం వచ్చి పక్కన నించుంది. ఆమె కాంట్రాక్టు కూడా ఆ సాయంత్రంతో ముగుస్తోంది. డ్రైవరు, తోటమాలి, గేజీలు కడిగే నలుగురు, అటెండర్లు, నూకరత్నంతో కలిపి మొత్తం పదిమంది కాంట్రాక్టు వాళ్ళు అక్కడక్కడే తచ్చాడుతున్నారు. ఏప్రిల్ ఒకటిన అందరూ తెగిపోవాల్సిన వాళ్ళే.

"వచ్చిందాండీ?" అని అడిగింది నూకరత్నం. గొంతులో అసూయ లేదు. ఉత్త ఆశే ఉంది, అదీ తన కోసం కాదు. సత్యవేణికి ఆ గొంతు విని కళ్ళు తుడుచుకోబుద్ధేసింది.

"ఒకటొచ్చింది," అంది. కాగితాన్ని నూకరత్నానికి చూపించింది. "ఇందులో ఎవరి పేరుందో చెప్పు."

నూకరత్నం తిప్పి తిప్పి చూసింది. "ఎవరి పేరూ లేదండి."

"ఉందంటున్నారు. నీది కాదని చెప్పగలవా?"

నూకరత్నం ఆలోచించింది. "చెప్పలేనండి."

"నాదని నేనూ చెప్పలేను. కాదని ఆఫీసూ చెప్పలేదు." సత్యవేణికి ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. నవ్వొచ్చింది కూడా. "అందర్నీ పిలు. జిరాక్సు షాపు మూసేలోపు వెళ్ళాలి."

ఏప్రిల్ ఒకటి పొద్దున్న లోవరాజు బల్ల ముందు పదకొండు మంది వరస కట్టారు. పదకొండు ఆర్డర్లు, పదకొండు జాయినింగ్ రిపోర్టులు. అన్నిటి మీదా ఒకే సంతకం, ఒకే సీలు, ఒకే రెండంగుళాల తెలుపు. లోవరాజు కుర్చీలోంచి లేచాడు.

"ఇదేంటమ్మా! ఉన్నది ఒక్క పోస్టు, మీరు చూస్తే..." అని వేలెత్తి వరసను చూపించబోయి, లెక్కపెట్టడం నిషేధమని గుర్తొచ్చి వేలు దించేశాడు. ఇందులో అసలు మనిషెవరని అడగబోయి, మెమో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఎవరై ఉంటారో ఊహించబోయి, ఆ ఊహ కూడా మానుకున్నాడు. చేతిలో పని ఒక్కటే మిగిలింది. సీలు తీసి ఒక్కో కాగితం మీదా వేసుకుంటూ పోయాడు.

"వివరములు కనబడలేదని ధ్రువీకరించడమైనది," అన్నాడు ప్రతిదానికీ, అలవాటుగా, బిగ్గరగా.

తన వంతు వచ్చినప్పుడు సత్యవేణి సీలు పడ్డ కాగితాన్ని మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, లోపలికెళ్ళి తన కుర్చీలో తను కూర్చుంది. ఆ పూట ఆమెకు మహా ఆకలేసింది.

జిరాక్సు షాపాయన తన కోసం కూడా ఒక కాపీ తీసుకున్నాడన్న సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. ఆయనిప్పుడు రెండో సెక్షన్లో కిటికీ పక్కన కూర్చుంటున్నాడు. పని బాగానే చేస్తాడు.